గడ్డిపోచకు ముడి

నేను ఒక పొడుగు ముక్కు లెన్సును. కెమెరాకు తగిలిస్తేనే నాకు బతుకు. విడిగా ఉంటే గాజు బిళ్ళలు పేర్చిన గొట్టాన్ని. ముందే చెప్పేస్తున్నాను, నాకు నిలకడ తక్కువ. కాలుగాలిన పిల్లికీ నాకూ పెద్ద తేడా లేదు. నా లోపల ఉన్న చిన్న మోటారు నన్ను ఒక్కచోట కుదురుగా ఉండనివ్వదు. దూరం చూడమంటే దగ్గరికి, దగ్గర చూడమంటే దూరానికి గిర్రున తిరిగి, కాసేపు గొణిగి, చివరికి ఏదో ఒక సన్నని గీత దొరికితే అక్కడ ఆగుతుంది. గీత ఎక్కడుంటే నా ప్రాణం అక్కడ. పక్షుల ఫోటోలు తీసే మనుషులకు మాత్రం కన్ను కావాలి. "కన్ను షార్ప్‌గా పడిందా?" అన్నదే వాళ్ళ మొదటి మాట, చివరి మాట. పక్షికి కాళ్ళు కూడా ఉంటాయని వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సముద్రాల అవతల, మంచు కురిసే ఒక ఊళ్ళో పుట్టాను. ఇసుకను కరిగించి, చల్లార్చి, అరగదీసి, మళ్ళీ అరగదీసి, ముఖాలకు తెల్ల గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఊపిరి కూడా తగలనివ్వకుండా నా బిళ్ళలు పేర్చారు. అంత మడిగా పుట్టినదాన్ని తీరా వచ్చిపడింది చెన్నైలో ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ భుజం మీద. ఆయనతో క్రికెట్ మైదానాల్లో ఎండకు మాడాను. ఎన్నికల సభల్లో దుమ్ము తిన్నాను. వేదిక మీద పెద్దమనిషి ఎప్పుడు ఆవలిస్తాడా అని ఆయన కాచుకుంటే, ఆయనతో పాటు నేనూ కాచుకున్నాను. దేశాన్ని ఉద్ధరించే మాటలు చెప్పేటప్పుడు ఏ నాయకుడూ నా కంట్లో సరిగ్గా పడలేదు. ఆవలించేటప్పుడు మాత్రం అందరూ ముచ్చటగా ఉండేవారు. తర్వాత ఆ పత్రిక మూతపడింది. ఆయన నన్ను పాత సామాన్ల దుకాణంలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అద్దాల బీరువాలో కదలకుండా పడి ఉన్న ఆ కాలాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మోటారు వణుకుతుంది.

అక్కడినుంచి నన్ను విడిపించిన మహానుభావుడు పళ్ళ డాక్టరు కామాక్షయ్య. నెల్లూరుకు దక్షిణాన ఒక చిన్న టౌనులో ఆయన ఆస్పత్రి. వారమంతా రోగుల నోట్లోకి లైటు వేసి "కదలబాకండి, ఒక్క నిమిషం" అనేవాడు. ఆదివారం వస్తే అదే మాట పక్షులతో అనేవాడు. రోగులు వినేవారు, పక్షులు వినేవి కావు. మంచివాడే. చెయ్యి తేలిక, మాట తీపి. ఒక్కటే తెగులు, తను తీసిన ఫోటోను పదిమంది మెచ్చుకుంటే తప్ప ఆయనకు అన్నం సహించేది కాదు. నన్ను కొన్న రోజు రాత్రి మంచం పక్కన పెట్టుకుని పడుకుంటే ఆయన భార్య సుభాషిణమ్మ గుమ్మంలో నిలబడి, "ఆ ముక్కుతోనే కాపరం చేసుకోండి, నేను మా అమ్మగారింటికి పోతుండా" అంది. పోలేదులెండి.

టౌనుకు కాస్త దూరంలో కారుమడుగు ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పొలాలు, మధ్యలో ఎటు చూసినా మోకాలి లోతు నీళ్ళు, బురద, జమ్ము, రెల్లు. పక్షుల కోసం కేటాయించిన చిత్తడి నేల అది. ఈశాన్య వానలు తెరిపి ఇచ్చాక గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, సూదితోక బాతులు, పేరు తెలియని ఉల్లంకులు గుంపులు గుంపులుగా దిగుతాయి. వాటి వెనకే ఇంకో గుంపు దిగుతుంది. బాతులకు కనిపించకూడదని ఆకుల బొమ్మల చొక్కాలు, ఆకుల బొమ్మల టోపీలు వేసుకుని, ఫోన్లు మాత్రం గట్టిగా మోగనిస్తూ, ఒకరి లెన్సు పొడుగును ఒకరు ఓరగా కొలుచుకుంటూ కట్ట మీద బారులు తీరతారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. మా డాక్టరుగారైతే ఆ ఆకుల చొక్కాతోనే మందుల షాపుకూ వెళ్ళేవాడు.

ఆయనకు తోడు వచ్చేది షమీమ్ టీచరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే మనిషి, నలభై దాటిన వయసు. ఆమెకు కెమెరా లేదు. ఒక పాత దుర్భిణీ మెడలో వేసుకుని కట్ట మీద కూర్చుందంటే ఉలకదు, పలకదు. అంతసేపు ఒకే కొంగను చూడటం నావల్ల అయ్యే పని కాదు. నాకు ఆమె మీద కొంత అసూయ, కొంత చిరాకు. కారుమడుగులో ఒక కట్టుబాటు ఉంది, చూసేవాళ్ళు ఎవరైనా కట్ట దిగకూడదు. ఆమెకు అది ఖురాన్ మీద ఒట్టేసినంత మాట. మా డాక్టరుగారికి మాత్రం, అదిగో, మంచి ఫోటో దొరకనంతవరకే.

ఆ ఏడు సంక్రాంతి నెల మొదలైన కొత్తలో, పొగమంచు ఇంకా విడవని ఒక పొద్దున, చారతల బాతు కనిపించింది. తెల్లని తల, వెనకవైపు రెండు నల్ల చారలు. మంచుకొండల మీదుగా ఎగిరివచ్చే పక్షి అది. మామూలుగా మనిషి నీడ పడితే చాలు, గుంపంతా లేచిపోతుంది. డాక్టరుగారు ఎన్నో చలికాలాలుగా దాన్ని దగ్గరగా తియ్యాలని తపించిపోతున్నాడు. ఇప్పుడు ఒక్కటే, రెల్లు పక్కన, నీళ్ళ అంచున నిలబడి ఉంది.

"కట్ట దిగబాకండి డాక్టరుగారా, లేచిపోతాది" అంది టీచరు.

"లేవదు జూడండి టీచరమ్మా" అని ఆయన బురదలోకి దిగాడు.

మోచేతుల మీద పాకాడు. నన్ను ముందుకు చాచి కొంత దూరం, ఆగి, మళ్ళీ కొంత దూరం. బాతు మెడ చాచి చూసింది. రెక్కలు కొంచెం విప్పింది, మళ్ళీ ముడుచుకుంది. ఎగరలేదు. ఆయన గుండె కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. ఇంకా దగ్గరికి పాకాడు. నా కంటినిండా బాతు నిండిపోయింది. అప్పుడు నా మోటారు తన గుణం తను చూపించింది. బాతు కంటి దగ్గర నిలవమంటే నిలవలేదు. గిర్రున కిందికి, కాళ్ళ దగ్గరికి పరుగెత్తింది. అక్కడ ఒక గీత ఉంది. వెంట్రుకలా సన్నగా, మంచులో తడిసి మెరుస్తూ, ఎడమకాలి మడమ పైనుంచి బురదలోకి పోయింది. గాలపు దారం. దాని కొసన ఒక మేకు.

ఆ బాతు ఎగరకపోవడానికి కారణం అదీ. వేటగాళ్ళు దాన్ని ఎర కట్టారు. కింద తమ జాతి పక్షి నిశ్చింతగా నిలబడి ఉంటే పైన పోయే గుంపు నమ్మి దిగుతుంది. దిగిన గుంపు మీద వల పడుతుంది. వెనక మంచులో నిలబెట్టిన వెదురు కర్రలు కూడా నాకు లీలగా కనిపించాయి. నేను దారం మీదికి పోవడం, డాక్టరుగారు నన్ను కంటి మీదికి లాగడం. మళ్ళీ పోవడం, మళ్ళీ లాగడం.

"పనికిమాలిన లెన్సు! కాళ్ళ మీదికే పోతుండాదేంది!" అని విసుక్కుని, నా మోటారు ఆపేసి, చేత్తో తిప్పి కన్ను పట్టుకున్నాడు.

ఇన్ని గాజు బిళ్ళలు పేర్చినవాళ్ళు ఒక్క నాలుక ఇచ్చి ఉంటే ఏం పోయేది? ఆ పొద్దున నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. చూస్తున్నాను. స్పష్టంగా చూస్తున్నాను. నాతో చూస్తున్న మనిషికి కనిపించడం లేదు. బాతు మెడెత్తి ఒకసారి అరిచింది. పైన పోతున్న నాలుగైదు బాతులు ఒక చుట్టు తిరిగాయి. "దాని బలగం వచ్చింది" అని డాక్టరుగారు మురిసిపోయి, కెమెరా నిండిపోగానే వెనక్కి పాకేశాడు. ఆ బలగం దిగిందో లేదో ఆయన చూడలేదు. నన్ను సంచిలో పెట్టాడు కనుక నేనూ చూడలేదు.

కట్ట మీదికి వచ్చాక టీచరు అడిగింది. "అంత దగ్గిరికి పోయినా ఎగరలేదేంది డాక్టరుగారా? ఒంట్లో బాగలేదా దానికి?"

"నన్ను నమ్మింది టీచరమ్మా" అన్నాడు ఆయన. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "పక్షికి మనిషి మనసు తెలస్తాది. ప్రేమగా పోతే పారిపోదు."

 అంత సంతోషంగా ఉన్న మనిషిని టీచరు ఏమంటుంది? రెల్లు అడ్డం, దూరం వేరే. ఆమె దుర్భిణీకి ఆ కాళ్ళు అందలేదు.

ఇక చూడండి మా డాక్టరుగారి హడావుడి. మాటలు కోటలు దాటాయి. టౌను క్లబ్బులో, బళ్ళలో, ఆఖరికి నోట్లో దూది కుక్కించుకుని మారు మాట్లాడలేని రోగుల దగ్గర కూడా అదే కథ. బాతు తనను నమ్మిన కథ. చెప్పిన కొద్దీ బాతు ఆయనకు దగ్గరైంది. చివరికి తల వంచి పలకరించినంత పని చేసింది. జనవరిలో జరిగే పక్షుల పండుగకు ఫోటోను తలుపంత పెద్దది చేయించాడు. చేయించే ముందు కంప్యూటర్లో శుభ్రం చేశాడు. కాలికి అడ్డంగా గడ్డిపోచ ఒకటి పడి ఫోటో అందం చెడగొడుతోందట. పళ్ళ గార తీసినంత ఓపికగా దాన్ని చెరిపేశాడు. నేను బల్ల మీద ఉండి ఇదంతా చూస్తున్నాను. నా కంట పడిన ఒక్క నిజాన్నీ ఆయన తుడిచి పారేశాడు. ఆ ఫోటోకే మొదటి బహుమతి అన్నారు. పండుగ నాడు వేదిక మీద శాలువా, జ్ఞాపిక ఇస్తారట.

ఈ మధ్యలో ఎన్ని తెల్లవారుజాములు గడిచాయో, ఎన్ని గుంపులు దాన్ని చూసి దిగాయో. సంచిలో ఉన్నా నాకు స్థిమితం లేదు. ఆ కారుమడుగు బురదలో ఒక ప్రాణి ఒంటికాలితో ఈ దేశానికి కట్టుబడి ఉందని నాకు ఒక్కదానికే తెలుసు. నాకూ, దాన్ని కట్టినవాడికీ.

పండుగ నాటి పొద్దున డాక్టరుగారు ఆకుల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. వేదిక మీద నన్ను భుజాన వేసుకుని నిలబడాలని నా గాజు తుడుస్తున్నాడు. బయట ఆటోలో మైకు ఆయన పేరు చెప్పుకుంటూ పోతోంది. అప్పుడు షమీమ్ టీచరు వచ్చింది.

"మీ ఫోటో బ్రహ్మాండంగా ఉండాది" అనలేదు ఆమె. అసలు పొగడ్త ఊసే ఎత్తలేదు. "డాక్టరుగారా, పిల్లకాయలకి పక్షుల కాళ్ళ పాఠం ఉండాది. నీళ్ళలో తిరిగే దాని కాలు ఎట్టుంటాదో పండగ కాడ పెట్టిన మీ ఫోటో చూపించి చెప్పొచ్చునని పోయి చూసినా. ఆ కాలు అట్టుండదే? వేళ్ళ మధ్య పొర సగమే ఉండాది. మడమ వంకర."

"ఓ, అదా! ఆడ గడ్డిపోచ ఉండె. తీసేసినా. అప్పుడు కాస్త చెదిరినట్టుండాది."

"తుడవకముందుది ఉంటే చూపీండి."

ఆయన నవ్వుతూ కంప్యూటర్ తెరిచాడు. అసలు ఫోటో వచ్చింది. ఆమె కాళ్ళు చూపించమంది. పెద్దది చెయ్యమంది. ఇంకా పెద్దది. తెరనిండా ఒక్క కాలే మిగిలింది. ఆమె ముందుకు వంగి చాలాసేపు చూసింది. ఉలకదు, పలకదు అన్నాను కదా, ఆ గుణం మీద అప్పటిదాకా ఉన్న చిరాకంతా ఆ క్షణంలో నాకు పోయింది.

"గడ్డిపోచకి ముడి ఎవురేసినారు డాక్టరుగారా?"

ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తెర దగ్గరికి జరిగాడు. కాలి చుట్టూ రెండు చుట్లు, పైన గట్టిగా బిగించిన ముడి. ఆ ముడి కింద చర్మం వాచి ఉంది. పళ్ళ సందుల్లో ఆవగింజంత పుచ్చును కనిపెట్టే కళ్ళు అవి. చూశాయి. బయట మైకు మళ్ళీ ఆయన పేరు పిలిచింది.

"నన్ను నమ్మిందనుకున్నా" అన్నాడు.  ఆమె ఓదార్చలేదు. చెప్పులు వేసుకుని కారు దగ్గరికి నడిచింది.

దారిలోనే అటవీ శాఖ గార్డుకు ఫోన్ చేశారు. ఆయన బండి మీద బయలుదేరి కట్ట దగ్గర కలిశాడు. బాతును చూసిన చోట బాతు లేదు. ఎరను ఒకచోటే ఉంచరు మరి. మడుగంతా రెల్లే. గార్డు ఒకవైపు, టీచరు ఒకవైపు వెతుకుతున్నారు. డాక్టరుగారు నన్ను కళ్ళకు ఆనించి, నా మోటారును మళ్ళీ పనిచేయించాడు. "పో, నీ ఇష్టమొచ్చిన చోటికి పో" అన్నాడు. నాతో మనుషులు అన్నవాటన్నిటిలోకీ మంచి మాట అది. వెళ్ళాను. రెల్లు మీద, నీటి మీద, బురద మీద పిచ్చిపట్టినట్టు తిరిగాను. జమ్ము మీద ఆగాను, కాదు. పగిలిన తెడ్డు మీద ఆగాను, కాదు. చాలాసేపటికి దూరంగా, ఎండలో, వెంట్రుకంత మెరుపు. అక్కడ ఆగి ఇక కదల్లేదు.

పరుగెత్తారు. మోకాళ్ళ లోతు బురద. ఇస్త్రీ చొక్కా గోవిందా. బాతు బక్కచిక్కి ఉంది. పక్కన నలిగిన బూడిదరంగు ఈకలు చెల్లాచెదురుగా ఉన్నాయి, దానివి కావు. గార్డు చాకుతో దారం కోశాడు. ముగ్గురూ వెనక్కి జరిగారు.

బాతు అక్కడే నిలబడింది.

"పో" అన్నాడు డాక్టరుగారు. అది ఆయన్ను చూసింది. "పోవే తల్లీ, పో!" చప్పట్లు కొట్టాడు. టోపీ తీసి విసిరాడు. బతుకంతా కదలబాకండి, కదలబాకండి అన్న మనిషి బురదలో గంతులు వేస్తూ ఒక పక్షిని బెదిరించడానికి నానా తిప్పలు పడ్డాడు. బాతు రెక్కలు విదిలించి, రెండు అడుగులు ఎగిరి, బొక్కబోర్లా పడింది. గార్డు దాని రెక్క విప్పి చూపించాడు. ఎగిరే పెద్ద ఈకలన్నీ మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

డాక్టరుగారు బురదలో చతికిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. టీచరు ఆయన ఆకుల చొక్కానే అడిగి తీసుకుని, బాతును అందులో చుట్టి, రొమ్ముకు ఆనించుకుంది. ఆ చొక్కా ఒక పక్షికి ఉపయోగపడటం అదే మొదటిసారి.

సాయంత్రం ఆయన బనియనుతో, బురద కాళ్ళతో పండుగకు వెళ్ళాడు. శాలువా తీసుకోలేదు. తలుపంత ఫోటో పక్కన తుడవకముందు ఫోటో పెట్టించి, రెండు ముక్కల్లో జరిగింది చెప్పి దిగిపోయాడు. కొందరు ముక్కున వేలేసుకున్నారు. వేటగాళ్ళను తిట్టారు. తర్వాత జనం మళ్ళీ వరసగా నడిచారు. "అబ్బ, ఎంత దగ్గిరగా కూకోనుందో!" అంటూ దారం ఉన్న ఫోటో ముందు కూడా సెల్ఫీలు దిగారు. మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్ళ కంటిలో మోటారు లేదు, అంతే.

కోసిన ఈకలు కొత్తవి రావాలంటే వేసవి గడవాలట. అటవీ శాఖవాళ్ళు మడుగు పక్కన వల కట్టిన ఆవరణలో దాన్ని ఉంచారు. మార్చిలో మిగిలిన గుంపు ఉత్తరానికి లేచిపోయినప్పుడు అది రోజంతా మెడెత్తి అరిచిందని టీచరు చెప్పింది. డాక్టరుగారు ప్రతి ఆదివారం మేత తీసుకెళ్ళేవాడు. నన్ను తీసుకెళ్ళేవాడు కాదు. బీరువాలో పడి ఉన్నాను. వానాకాలం చెమ్మకు నా రెండో బిళ్ళ మీద సాలెగూడులా బూజు పట్టింది. ఇప్పుడు నాకు అన్నీ పొగమంచులో ఉన్నట్టే కనిపిస్తాయి. అయినా మోటారు ఊరుకోదు. చీకట్లో కూడా ఒక గీత కోసం వెతుక్కుంటూనే ఉంటాను.

ఆయన నన్ను చివరిసారి బయటికి తీసింది మళ్ళీ చలికాలంలో. చారతల బాతులు దిగాయి. వాటిలో కలపడానికి దాన్ని వదిలిపెట్టే పొద్దున అది. అలవాటుకొద్దీ నన్ను మెడలో వేసుకున్నాడు. ఒక్కసారి కూడా పైకి ఎత్తలేదు. ఆయన ఛాతీ మీద తలకిందులుగా వేలాడుతూ నేను చూసింది కట్ట మీది మట్టిని, ఆయన చెప్పులను. గార్డు బుట్ట మూత తీసిన చప్పుడు వినిపించింది. బాతు బయటికి వచ్చిన అలికిడి లేదు. డాక్టరుగారి చెప్పు ఒక్క అడుగు ముందుకు పడింది.

అంతే. రెక్కల చప్పుడు ఒక్కసారిగా పైకి లేచింది. నీళ్ళ మీద బాదుకుంటూ, తర్వాత గాలిలో, తర్వాత దూరంగా. పైనుంచి ఏవో అరుపులు, దానికి బదులుగా ఇంకో అరుపు. నా మోటారు పిచ్చిగా తిరిగింది. మట్టి తప్ప ఏమీ దొరకలేదు.

"మిమ్మల్ని జూసి ఎట్ట బెదిరిపోయిందో జూసినారా డాక్టరుగారా!" అంది టీచరు.

ఆయన ఛాతీ కదిలింది. నవ్వో ఏడుపో ఆ మనిషికే తెలియనట్టుంది, నేను కూడా దానితోపాటు ఊగిపోయాను.

"ఇంక నా దగ్గిరికి రాదు గదా టీచరమ్మా?"

"రాదు."

"చాలు" అన్నాడు.